ఏఎంటీ గేర్‌బాక్స్‌తో 1,12,000 కిలోమీటర్లు: నా అనుభవం

2017లో ఈ చిన్న హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) తీసుకోవడానికి ఒకటే కారణం, నా ఎడమ మోకాలు. రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేసరికి, క్లచ్ తొక్కి తొక్కి సాయంత్రానికి మోకాలు పట్టేసేది. ఇప్పుడు మీటరు 1,12,000 దాటింది. మోకాలికి ఏ ఇబ్బందీ లేదు. గేర్‌బాక్స్ కూడా బండితో వచ్చిందే, లోపలి భాగాలు ఒక్కసారి కూడా విప్పలేదు. మధ్యలో రెండుసార్లు మాత్రం బాగా టెన్షన్ పెట్టింది.

అందరూ దీన్ని ఆటోమేటిక్ అంటారు గానీ లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. అవే గేర్లు, అదే క్లచ్ ప్లేటు. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని ఆయిల్ ఒత్తిడితో కదిలే హైడ్రాలిక్ యాక్చుయేటర్ చేస్తుంది, ఎప్పుడు చెయ్యాలో కంప్యూటర్ చెబుతుంది. మన దగ్గర 2014లో మారుతి సెలేరియోతో ఈ పద్ధతి చిన్న కార్లలోకి వచ్చింది. నా బండి ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు, హైడ్రాలిక్ రకం బాక్సులన్నీ దాదాపు ఒకే తీరు. కొన్ని ఏఎంటీ కార్లలో ఈ పనికి ఎలక్ట్రిక్ మోటార్లు ఉంటాయి, వాటికి నేను కింద చెప్పే యాక్చుయేటర్ ఆయిల్ సంగతి వర్తించదు.

మొదటి టెన్షన్ 61,000 దగ్గర. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం లాగడం లేదు. పైకి వచ్చాక మాడు వాసన. నేను ఎప్పుడూ పని చేయించే షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి, "సార్, బాక్సుకు ఏం కాలే, ప్లేటు అయిపోయింది. మీ అపార్ట్‌మెంట్‌ల సెల్లార్ ర్యాంప్ ఉన్నదా?" అని అడిగాడు. ఉంది. ఆఫీసు నుంచి వచ్చే టైమ్‌లో ముందు కారు పార్క్ చేసేదాకా ర్యాంప్ మీద బ్రేక్ తొక్కకుండా, యాక్సిలరేటర్ కొంచెం నొక్కి బండిని నిలబెట్టేవాణ్ణి. అలా నిలబెట్టిన ప్రతిసారీ క్లచ్ సగం పట్టి, సగం జారుతూ అరిగిపోతుంది. నాలుగేళ్లు రోజూ అదే చేశాను. అసలైన ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది కాబట్టి కొంత ఓర్చుకుంటుంది, ఇందులో అది లేదు.

క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు, ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ మూడూ మార్చారు, లేబర్‌తో కలిపి 13 వేలు అయింది. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. క్లచ్ మార్చాక, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి క్లచ్ లెర్నింగ్ తప్పకుండా చేయించండి. అరిగిన పాత ప్లేటు ఎక్కడ పట్టేదో కంప్యూటర్‌కు గుర్తుంటుంది, కొత్తది ఎక్కడ పడుతుందో నేర్పాలి. నేర్పకపోతే ఫస్ట్‌లో బండి కుదుపులతో కదులుతుంది. స్కానర్ లేని షెడ్డులో ఈ పని పెట్టుకోవద్దు.

రెండోది 84,000 దగ్గర, జేఎన్‌టీయూ సిగ్నల్‌లో. గ్రీన్ పడింది, డిస్‌ప్లేలో గేరు అంకె వెలుగుతూ ఆరుతూ ఉంది, బండి కదలదు. వెనక హారన్ల మోత. ఏఎంటీని తోసి స్టార్ట్ చేయడం కుదరదు. టోయింగ్ బండి పిలిచి, ముందు చక్రాలు పైకి ఎత్తించి తీసుకెళ్లాను. ఒక సర్వీస్ సెంటర్‌లో అరగంట చూసి, యాక్చుయేటర్ సెట్ మొత్తం మార్చాలి, 56 వేలు అన్నారు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ మా షెడ్డుకే పట్టుకెళ్లాను. ఆయన ముందు మీటర్‌తో బ్యాటరీ చూశాడు. నాలుగేళ్ల పాతది, లోడు పడగానే ఓల్టేజ్ పడిపోతోంది. హైడ్రాలిక్ పంపు తిరగాలంటే బ్యాటరీ బలంగా ఉండాలి. యాక్చుయేటర్ ఆయిల్ కూడా గీత కింద ఉంది. కొత్త బ్యాటరీ, కంపెనీ చెప్పిన ఆయిల్, స్కానర్‌తో పాత ఎర్రర్లు తీసేయడం, అంతా కలిపి ఏడు వేల లోపే. ఆ తర్వాత 28 వేల కిలోమీటర్లు తిరిగాను, ఆ సమస్య మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి నేను వినడం అలవాటు చేసుకున్న శబ్దం ఒకటుంది. నా బండికి డ్రైవర్ తలుపు తెరవగానే బానెట్ కింద నుంచి రెండు మూడు సెకన్లు "గుయ్‌య్" మని వస్తుంది. అది పంపు ప్రెజర్ నింపుకోవడం. బండి నడుస్తుండగా ఆ శబ్దం మాటిమాటికీ వస్తున్నా, ఎక్కువ సేపు సాగుతున్నా ఎక్కడో ప్రెజర్ నిలవడం లేదని అర్థం. వెంటనే చూపించాలి.

గేర్ ఆయిల్ వేరు, యాక్చుయేటర్ ఆయిల్ వేరు. ఒకదాంట్లో ఇంకోటి పోయకూడదు. గేర్ ఆయిల్ నేను 40,000కు, 80,000కు మార్పించాను, దగ్గరుండి. నా బాక్సు డ్రెయిన్ ప్లగ్‌కు చిన్న అయస్కాంతం ఉంది. రెండోసారి ప్లగ్ తీసినప్పుడు దాని మీద కాటుకలాంటి నల్లటి ముద్ద. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా, వెండి రంగు మెరుపు. ఈ మాత్రం ఇనుప పొడి మామూలే అన్నాడు మెకానిక్. గోటికి తగిలే ముక్కలు వస్తేనే భయపడాలి. కొత్త ఆయిల్ పోసేటప్పుడు బండి సమంగా ఉండాలి, పోసే కన్నం అంచు దాకా వచ్చి కారడం మొదలయ్యాక ఆపాలి. నా బండికి రెండు లీటర్ల లోపే పట్టింది.

నడిపే తీరు కూడా మార్చుకున్నాను. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించను, ముందు కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి కదులుతాను. ర్యాంప్ మీద ఆగాల్సి వస్తే బ్రేక్ లేదా హ్యాండ్ బ్రేక్. పెద్ద సిగ్నల్ అయితే న్యూట్రల్, రిలీజ్ బేరింగ్ మీద భారం తగ్గుతుంది. తిరుమల నుంచి దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో సెకండ్ పెట్టేస్తాను, లేకపోతే అది పైగేరుకు పోయి బ్రేకుల మీదే భారమంతా పడుతుంది.

నచ్చనిది ఒకటే. ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే చాలావరకు తగ్గుతుంది. విజయవాడ హైవే మీద లారీని దాటేటప్పుడు పికప్ కోసం ఒక సెకను ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడున్న క్లచ్ వేసి 51 వేలు దాటింది. మొన్న అదే ఫ్లైఓవర్ నిండు ట్రాఫిక్‌లో ఎక్కాను, బండిలో నలుగురం, డిక్కీ నిండా సామాను. ఎక్కడా జారలేదు, వాసన రాలేదు. గేర్ ఆయిల్ మళ్లీ 1,20,000కు.