ప్యాక్‌డ్ పెట్టాలా, వరస మార్చాలా: ఏది మేలు?

గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే మన తెలుగు పిల్లలు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "అన్నా, స్ట్రక్ట్ సైజు తగ్గాలంటే ప్యాక్‌డ్ పెట్టేస్తే సరిపోతుంది కదా?" స్ట్రక్ట్ అంటే కొన్ని విలువల్ని (ఫీల్డుల్ని) ఒకే రికార్డుగా కట్టే సీ భాష పద్ధతి, ప్యాక్‌డ్ అంటే వాటి మధ్య ఖాళీ బైట్లు వదలొద్దని కంపైలర్‌కి చెప్పే గుర్తు. మొన్న నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది.

మా బాబాయి ధాన్యం గోదాములో తేమ చూసే చిన్న పరికరం చేశాను. పది నిమిషాలకో రికార్డు: సెన్సర్ నంబరు ఒక బైటు, సమయం నాలుగు, తేమ రెండు, బ్యాటరీ ఒకటి. కలిపితే 8. సీలో ఇదే వరసలో రాసి సైజాఫ్‌తో మొత్తం బైట్లు అడిగితే 12 వచ్చింది. సమయం నాలుగుతో భాగించబడే అడ్రస్‌లో మొదలవ్వాలి కాబట్టి దాని ముందు మూడు బైట్లు ఖాళీ, మొత్తం సైజు కూడా నాలుగుతో భాగించబడాలి కాబట్టి చివర ఇంకొకటి. 64 కేబీ ఫ్లాష్‌లో 12 బైట్ల రికార్డులు 37 రోజులకే నిండిపోతాయి, 8 అయితే 56 రోజులు వస్తాయి. నేను గోదాముకి వెళ్ళేదేమో నెలన్నరకోసారి.

ముందు ప్యాక్‌డే పెట్టాను. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. పరికరంలోని కార్టెక్స్ ఎం0 అనే చిన్న ప్రాసెసర్ బోర్డు మీద మాత్రం హార్డ్‌ఫాల్ట్‌తో, అంటే ప్రాసెసర్ ముందుకెళ్ళలేని తప్పుతో ఆగిపోయింది. రికార్డులోంచి సమయాన్ని నేరుగా చదివితే ఇబ్బంది లేదు, కంపైలర్ ఒక్కో బైటూ తెచ్చి కలుపుతుంది. నేను సమయం అడ్రస్‌ని పాయింటర్‌గా ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చాను. అది ప్యాక్‌డ్ లోపలి అడ్రస్ అని ఆ ఫంక్షన్‌కి తెలియదు, నాలుగు బైట్లూ ఒకేసారి చదవబోయింది. ఎం0 దానికి ఒప్పుకోదు. జీసీసీ కంపైలర్ 9వ వెర్షన్ నుంచి దీనికి వార్నింగ్ ఇస్తుంది. దాన్ని చూసీ వదిలేయకండి.

తర్వాత వరస మార్చాను: సమయం, తేమ, నంబరు, బ్యాటరీ. లారీకి పెద్ద పెట్టెలు ముందు ఎక్కించి, మూటలు సందుల్లో సర్దినట్టు. సైజు సరిగ్గా 8, ఎక్కడా ఖాళీ లేదు, ఏ అడ్రసూ వంకర కాదు. రాసిన వరసే మెమరీలో ఉంటుందని సీ ప్రమాణం మాట ఇస్తుంది. ఖాళీల సంగతి మాత్రం కంపైలర్‌కే వదిలేస్తుంది. అందుకే స్టాటిక్ అసర్ట్ (షరతు తప్పితే బిల్డ్‌ని ఆపే పరీక్ష) పెట్టి సైజునీ, ఆఫ్‌సెటాఫ్‌తో ఒక్కో ఫీల్డు చోటునీ కంపైల్ అయ్యేటప్పుడే పరీక్షిస్తాను. నా వరకు ఇదే అసలు తేడా: ప్యాక్‌డ్ తప్పు బోర్డు మీద బయటపడింది, లేఅవుట్ (ఫీల్డుల అమరిక) తప్పితే ఈ పరీక్ష బిల్డ్‌లోనే ఆపేస్తుంది.

రస్ట్ భాషలో రాసేవాళ్ళకి: ఏమీ పెట్టకపోతే కంపైలరే వరస మార్చుకోవచ్చు, ఏ వరసో హామీ ఇవ్వదు. ఫైల్లో దాచే రికార్డుకి అది పనికిరాదు, సీ లాగే రాసిన వరసను ఉంచే రెప్ర్ సి పెట్టి వరస మీరే చూసుకోవాలి. అక్కడ ప్యాక్‌డ్ పెట్టి, అలైన్ కాని (తనకు తగిన అడ్రస్‌లో లేని) ఫీల్డుకి రిఫరెన్స్ తీస్తే కంపైలే అవ్వదు. సీలో కూడా అలా ఉంటే నాకు రెండు రాత్రులు మిగిలేవి.

బిట్‌ఫీల్డ్‌లలో (ఒక్కో ఫీల్డుకి కొన్ని బిట్లే ఇచ్చే పద్ధతిలో) బిట్ల వరస కంపైలర్ ఇష్టం, బయటికి వెళ్ళే డేటాకి వద్దు. లేఅవుట్ ఇంకెవరో ఖాయం చేసి ఇస్తే ప్యాక్‌డ్ వాడొచ్చు, కానీ అడ్రస్ తీయకుండా విలువని కాపీ చేసుకోండి.

ఇప్పుడు బాబాయి ఉష్ణోగ్రత కూడా కావాలంటున్నారు. రెండు బైట్లు కలిస్తే 10, చివర ఖాళీతో మళ్ళీ 12. అయినా ప్యాక్‌డ్ వైపు వెళ్ళను. ఉన్నది ఒకే సెన్సర్, కాబట్టి నంబరూ బ్యాటరీ రోజుకోసారి వేరేగా రాస్తే చాలు. సమయం, తేమ, ఉష్ణోగ్రత కలిపి 8.