లిలీపాండ్: పాటను టైపు చేసి అచ్చుకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్

లిలీపాండ్‌లో మౌసుతో గీతల మీద స్వరాలు పెట్టడం ఉండదు. ‘సి4 డి ఇ ఎఫ్’ అని టైపు చేసి కంపైల్ చేస్తే, అంటే ఆ టెక్స్ట్ మీద ప్రోగ్రాం నడిపితే, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి) పీడీఎఫ్‌గా వస్తుంది. 4 అంటే క్వార్టర్ నోట్, అంటే పూర్తి స్వరంలో పావు వంతు వ్యవధి. మళ్లీ మార్చేదాకా అదే వ్యవధి కొనసాగుతుంది. 1996లో మొదలైన ఈ గ్నూ సాఫ్ట్‌వేర్ ఉచితం. స్వరాల మధ్య ఎడం, స్వరాలను కలిపే స్లర్ గీతల వంపు పాతకాలపు చెక్కుడు అచ్చులా అందంగా కుదురుతాయి. శ్రుతి మార్చాలన్నా ‘ట్రాన్స్‌పోజ్’ ఆదేశం ఒక్కటి చాలు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ‘రెలటివ్’ పద్ధతి దగ్గర. అందులో ప్రతి స్వరమూ ముందున్న స్వరానికి దగ్గరి ఆక్టేవ్‌లో (స్థాయిలో) పడుతుంది. సి తర్వాత జి రాస్తే కింది జి వస్తుంది, ఎందుకంటే పై జి కన్నా అదే దగ్గర. పైది కావాలంటే అపాస్ట్రఫీ పెట్టాలి. ఒక్కటి మరిచినా అక్కణ్నుంచి పాటంతా ఒక ఆక్టేవ్ దిగిపోతుంది. పెద్ద దాట్లున్న బాణీలకు, ఆక్టేవ్‌ను స్థిరంగా ఉంచే ‘ఫిక్స్‌డ్’ పద్ధతే మేలు.

టైపు చేసేటప్పుడు ఒక్కో వరసలో ఒక్కో బార్ (తాళం లెక్కలో ఒక భాగం) రాసి చివర నిలువు గీత పెట్టండి. లెక్క తప్పితే ఏ వరసలోనో లాగ్ (కంపైల్ చేసినప్పుడు వచ్చే సందేశాలు) చెబుతుంది. కానీ పీడీఎఫ్ ఎలాగూ వచ్చేస్తుంది, కాబట్టి లాగ్ చదవకుండా అచ్చుకు ఇవ్వొద్దు.

తెలుగు సాహిత్యం చక్కగా వస్తుంది. చర్చి కోయిర్లకు నాలుగు గొంతుల కీర్తనలు తయారుచేసేవాళ్లకు ఇది పెద్ద మేలు. ‘సత్యం’ను ‘స -- త్యం’ అని విడగొట్టాలి. హైఫన్లకు అటూ ఇటూ ఖాళీ లేకపోతే పదమంతా ఒకే స్వరం కింద పడి, తర్వాతి సాహిత్యమంతా ముందుకు జరిగిపోతుంది. ఒకే అక్షరం రెండు మూడు స్వరాలపై సాగితే వాటికి స్లర్ పెట్టండి. తెలుగు ఫాంట్ పేరు ఫైల్లోనే రాయండి. లేకపోతే ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా కనిపించవచ్చు.

బాణీ కట్టుకుంటూ వినాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. వినాలంటే ప్లే చేయదగ్గ ఫైలు ఇచ్చే ‘మిడి’ బ్లాక్ చేర్చి, కంపైల్ చేసి, వేరే ప్లేయర్‌లో తెరవాలి. ‘మిడి’ ఒక్కటే ఉంచి, అచ్చు రూపం ఇచ్చే ‘లేఅవుట్’ బ్లాక్ మరిస్తే నొటేషనే రాదు. నొటేషన్ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌ను తెచ్చుకునే దారి ఉన్నా, ఆ రూపంలోకి నేరుగా ఎగుమతి లేదు. మ్యూజ్‌స్కోర్ అనే మరో నొటేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లతో కలిసి పనిచేయడానికి ఇది నిజంగా అడ్డంకి. వంపు నచ్చని స్లర్‌ను సరిచేయాలన్నా అంకెలు మార్చి మార్చి చూడాల్సిందే.

వట్టి టెక్స్ట్ ఎడిటర్ కన్నా, లిలీపాండ్ కోసమే తయారైన ఫ్రెస్కోబాల్డీ ఎడిటర్‌తో మొదలుపెట్టండి. పీడీఎఫ్‌లో స్వరం మీద నొక్కితే కర్సర్ దాని టెక్స్ట్ దగ్గరికి వెళ్తుంది. ఫైలు మొదట్లో వెర్షన్ వరస తప్పనిసరిగా రాయండి. పాత ఫైళ్లను కొత్త వెర్షన్‌కు మార్చే ‘కన్వర్ట్-ఎల్‌వై’ ఆ వరసనే ఆధారం చేసుకుంటుంది.