ఊరు లేని స్టేషన్లు: కొరౌర్, ఆల్ట్‌నబ్రెక్, బర్నీ ఆర్మ్స్‌లలో ఏది మేలు?

బ్రిటన్‌లో అన్నిటికన్నా ఒంటరి రైల్వే స్టేషన్ ఏది అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి లెక్కల జవాబు. ఒక్కో స్టేషన్‌ను ఎంతమంది వాడారో అక్కడి రైల్వే నియంత్రణ సంస్థ ఏటా అంచనా వేసి ప్రకటిస్తుంది. ఆ పట్టికలో అట్టడుగున ఏ పేరుంటే పత్రికలు దాన్ని పట్టుకుంటాయి. రెండోది పటం చూసి చెప్పే జవాబు. రోడ్డు ఎంత దూరం, ఊరు ఎంత దూరం, దీపం వెలిగే ఇల్లు ఎంత దూరం అన్నదే దానికి కొలత. ఈ రెండు జవాబులూ చాలాసార్లు కలవవు.

లెక్కల జవాబును ముందే పక్కన పెడుతున్నాను, కారణం చెప్పి మరీ. 2021-22లో టీస్‌సైడ్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌కు ఆ పట్టికలో దక్కిన అంకె 2. పేరులో విమానాశ్రయం ఉన్నా టెర్మినల్‌కు పావుగంట నడవాలి, రైలేమో అప్పట్లో వారానికి ఒకసారి. ఇంకెవరు వెళతారు? 2023-24లో అట్టడుగు స్థానం మాంచెస్టర్ శివార్లలోని డెంటన్‌ది, 54 మందితో. డెంటన్ చుట్టూ ఇళ్లు, దుకాణాలు, పక్కనే మోటార్‌వే రొద. బ్రిటన్‌లో ఒక స్టేషన్‌ను మూసేయాలంటే నోటీసులు, ప్రజాభిప్రాయ సేకరణ, విచారణ అంటూ పెద్ద తతంగం నడవాలి. అదంతా నడిపే కంటే వారానికి ఒక రైలును అలా పంపిస్తే చట్టానికి సరిపోతుంది. ఇలాంటివాటిని అక్కడ పార్లమెంటరీ రైళ్లంటారు. దీన్ని ఒంటరితనం అనడానికి నాకు మనసొప్పదు. ఫైలు మూయలేక తెరిచి ఉంచిన స్టేషన్ అది, అంతే.

కాబట్టి పోటీ పటం మీదే. నిజంగా బరిలో ఉన్నవి మూడు: స్కాట్లండ్ కొండల్లో కొరౌర్, స్కాట్లండ్ ఉత్తరపు అంచున ఆల్ట్‌నబ్రెక్, ఇంగ్లండ్ తూర్పు తీరపు చిత్తడిలో బర్నీ ఆర్మ్స్. ఇవి ఎందుకు ఉన్నాయో చూస్తే ఏది ఎవరికి నప్పుతుందో తెలుస్తుంది. ఈ మూడింటినీ ఏ ఊరి కోసమూ కట్టలేదు.

కొరౌర్‌కు పేరు ఎక్కువ. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియమ్, మలేగ్‌లకు వెళ్లే వెస్ట్ హైలాండ్ మార్గంలో, సముద్ర మట్టానికి 408 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రిటన్ ప్రధాన రైలు మార్గాల్లో ఇంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదు. అంకె చిన్నదిగా కనిపించవచ్చు కానీ స్టేషన్ చుట్టూ చెట్లు అరుదు. కనుచూపు మేర గడ్డి, రాళ్లు, నల్లటి నీటి మడుగులు. ప్రజలు వాడే రోడ్డు దాదాపు 10 మైళ్ల అవతల. దక్షిణాన రానక్ మూర్ అనే విశాలమైన బురద బీడు ఉంది. 1890లలో ఆ బీడు మీద పట్టాలు వేయబోతే నేల అడుగు దొరకలేదు. చెట్ల వేళ్లు, కంపలు చాపలా పరిచి, వాటి మీద వేల టన్నుల మట్టి, బూడిద పోసి, ఆ తేలే పరుపు మీదే పట్టాలు వేశారు. రైళ్లు ఇవాళ్టికీ దాని మీదుగానే పోతున్నాయి.

1894లో మార్గం తెరిచినప్పుడు కొరౌర్ స్టేషన్ ఎవరి కోసం? ఎస్టేటు యజమాని సర్ జాన్ స్టర్లింగ్ మాక్స్‌వెల్ ఇంటికి వేటకు వచ్చే అతిథుల కోసం. వారు రైలు దిగి గుర్రపు బండిలో మైలు దూరంలోని ఆషియన్ సరస్సుకు, అక్కడి నుంచి చిన్న ఆవిరి పడవలో అవతలి ఒడ్డున ఉన్న బంగ్లాకు చేరేవారు. పడవ కోసం అతిథులు ఎదురుచూసిన గది ఇప్పుడు యూత్ హాస్టల్. దొరల నిరీక్షణ గదిలో ఇప్పుడు విద్యార్థులు సాక్సులు ఆరబెట్టుకుంటున్నారు. ఈ మార్పు నాకు బాగా నచ్చింది.

కొరౌర్‌తో చిక్కల్లా అది దూరమే గాని ఒంటరి కాదు. 1996లో వచ్చిన ఒక స్కాటిష్ సినిమాలో నలుగురు కుర్రాళ్లు అక్కడ రైలు దిగే దృశ్యం ఉంది. అప్పటి నుంచి ఆ ప్లాట్‌ఫారం మీద ఫొటో దిగడానికే వచ్చేవారు తయారయ్యారు. ఎండాకాలంలో స్టేషన్ భవనంలో భోజనం దొరుకుతుంది, పాత సిగ్నల్ క్యాబిన్‌లో బస ఉంది. మూడు వేల అడుగులు దాటిన కొండలను స్కాట్లండ్‌లో మన్రోలంటారు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ఎక్కి జాబితాలో టిక్కు పెట్టుకునేవారు అక్కడ వేలల్లో ఉన్నారు. 935 మీటర్ల బెన్ నా లాప్‌కు వారు కొరౌర్‌లోనే దిగుతారు. మంచి వేసవి శనివారం నాడు అక్కడ దిగినవారికి ఏకాంతం దొరకదు, బూట్ల లేసులు బిగించుకుంటున్న ఇరవై మంది కనిపిస్తారు.

అయినా కొరౌర్ దగ్గర ఉన్న ఒక సౌకర్యం మిగతా రెండింటికీ లేదు. లండన్ యూస్టన్‌లో రాత్రి స్లీపర్ ఎక్కి పడుకుంటే మర్నాడు ఉదయం నేరుగా కొరౌర్‌లోనే దిగవచ్చు. శనివారం రాత్రి మాత్రం ఆ రైలు నడవదు. పడక గది ధర మంచి హోటల్ గదికి ఏమీ తీసిపోదు, కూర్చునే సీటు చౌక. ఎనభై లక్షల మందికి పైగా ఉన్న నగరంలో నిద్రపోయి, రోడ్డు లేని చోట నిద్రలేవడం అనుభవంగా తక్కువదేమీ కాదు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు స్కాట్లండ్ చూపించాలనుకునే తెలుగువారికి కూడా ఇదే సులువు. తిండి, నీడ, మరుగుదొడ్డి మూడూ ఉన్నది ఇక్కడే. కాకపోతే చలికాలంలో భోజనశాల మూసి ఉంటుంది, ముందే కనుక్కోవాలి.

ఆల్ట్‌నబ్రెక్ సంగతి వేరు. ఇన్వర్‌నెస్ నుంచి విక్, థర్సోలకు పోయే ఫార్ నార్త్ మార్గంలో, మూడు గంటలకు పైగా ప్రయాణం చేశాక వస్తుంది. 1874లో మార్గంతో పాటే తెరిచారు. చుట్టూ ఊరు లేదు, అక్కడక్కడా ఒకటీ అరా ఇళ్లు, అడవి పనుల కోసం వేసిన కంకర బాటలు. ఇక్కడ రైలు అడిగితేనే ఆగుతుంది. దిగేవారు గార్డుకు ముందే చెప్పాలి, ఎక్కేవారు ప్లాట్‌ఫారం మీద డ్రైవరుకు కనబడేలా నిలబడి చేయి చాపాలి. ఆ మార్గంలోని కొన్ని స్టేషన్లలో ఇప్పుడు మీట నొక్కితే డ్రైవరుకు కబురందే ఏర్పాటు వచ్చింది.

ఈ స్టేషన్ ఉన్నది ఫ్లో కంట్రీలో. వేల ఏళ్లుగా నాచు చచ్చి, కుళ్లక, పొరలు పొరలుగా పేరుకున్న నేల అది. 2024లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. అంతకు నలభై ఏళ్ల ముందు ఆ నేలకు విలువ కట్టిన తీరు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1970ల చివర అణు వ్యర్థాలను పూడ్చడానికి ఎలాంటి రాతి పొరలు పనికొస్తాయో చూడటానికి ఆల్ట్‌నబ్రెక్ దగ్గర బోర్లు వేసి పరీక్షించారు. 1980లలో అడవులు పెంచితే పన్ను రాయితీ అన్నారు. దక్షిణాదిన ఉండే ధనవంతులు ఎన్నడూ చూడని ఈ నేలను కొని, కాలువలు తవ్వి నీళ్లు తోడించి, పైన్ జాతి మొక్కలు నాటించారు. 1988 బడ్జెట్‌లో ఆ రాయితీ ఎత్తేశాక గాని అది ఆగలేదు. స్టేషన్ చుట్టూ ఇవాళ కనిపించే ముదురాకుపచ్చ వరుసలు ప్రకృతి కాదు, పన్నుల చట్టం.

ఆల్ట్‌నబ్రెక్ ఎంత నిజమైన ఒంటరో చెప్పడానికి ఇటీవలి ఉదంతం ఒకటి చాలు. స్టేషన్‌కు వెళ్లే దారి విషయంలో తగాదా వచ్చి, 2023 నవంబరు నుంచి 2025 వసంతం దాకా అక్కడ రైళ్లు ఆగడమే మానేశాయి. ఏడాదికి పైగా స్టేషన్ లేకపోయినా దేశం మీద ఆ ప్రభావం దాదాపు శూన్యం. ఏకాంతమే కొలబద్ద అయితే మొదటి బహుమతి దీనిదే, ఇందులో నాకు సందేహం లేదు.

కానీ ఒంటరితనంలో మొదటిది కాబట్టి వెళ్లడానికీ ఇదే మేలు అనను. అక్కడ దిగి ఏం చేస్తారు? రైళ్లు రోజుకు ఒక్కో వైపు నాలుగు, ఆదివారం ఇంకా తక్కువ. బాటలు చాలావరకు నాటిన చెట్ల మధ్య నుంచే. తిండి లేదు, నీడ నామమాత్రం. వర్షం వస్తే తడవాలి, వేసవిలో వర్షం రాకపోతే మిడ్జ్‌లనే చిన్న దోమలు పీక్కుతింటాయి. ఫ్లో కంట్రీని చూడాలన్నదే కోరిక అయితే అదే మార్గంలో కాస్త ముందు వచ్చే ఫోర్సినార్డ్‌లో దిగడం తెలివైన పని. అక్కడి స్టేషన్ భవనాన్నే పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ సందర్శక కేంద్రంగా మార్చింది. బురదలో దిగకుండా పరిచిన బాట మీద నడుస్తూ మడుగుల మధ్యకు వెళ్లవచ్చు, చివర ఎక్కి చూడటానికి ఒక మంచె కూడా ఉంది. ఆల్ట్‌నబ్రెక్‌ను కిటికీలోంచి చూస్తే చాలదా అంటే, చాలామందికి చాలుతుందనే అంటాను. స్టేషన్లన్నిటిలో దిగి రావాలనే పట్టుదల ఉన్నవారి లెక్క వేరు.

ఇక బర్నీ ఆర్మ్స్. నారిచ్ నుంచి గ్రేట్ యార్మత్‌కు రీడమ్ మీదుగా పోయే మార్గంలో, హాల్వర్‌గేట్ మేత బీళ్ల నడుమ ఒక పొట్టి ప్లాట్‌ఫారం, ఒక బోర్డు. రోడ్డు లేదు. దీని పుట్టుక కథ మూడింటిలోకీ రసవత్తరమైనది. 1840లలో యార్మత్–నారిచ్ రైల్వే కంపెనీకి నేల కావలసి వచ్చింది. థామస్ ట్రెంచ్ బర్నీ అనే భూస్వామి, తన నేలలో శాశ్వతంగా ఒక స్టేషన్ ఉండాలనే షరతు మీద అమ్మాడు. 1844లో మార్గం తెరుచుకుంది, స్టేషన్ వచ్చింది. కొన్నేళ్లకు కంపెనీ లాయరు బుర్ర వాడింది: స్టేషన్ ఉంచుతామన్నాం గాని అక్కడ రైలు ఆపుతామని ఎక్కడన్నాం? రైళ్లు ఆగకుండా పోసాగాయి. ఏళ్ల తరబడి వాదులాడుకున్నాక గాని మళ్లీ ఆగలేదు. పత్రం రాసేటప్పుడు ఒక్క వాక్యం తక్కువైతే ఏమవుతుందో రిజిస్ట్రారు కార్యాలయాల చుట్టూ తిరిగిన మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2019-20లో బర్నీ ఆర్మ్స్ అంకె 42, ఆ ఏడాది దేశం మొత్తంలో అదే అట్టడుగు. కానీ అందులో ఒక కిటుకుంది. సిగ్నళ్ల మార్పిడి కోసం 2018 అక్టోబరు నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఆ మార్గం మూసి ఉంది. అంటే ఆ 42 మంది రైళ్లు మళ్లీ మొదలైన కొద్ది వారాల్లో వచ్చినవారు. పట్టికను నమ్మనని మొదట్లో అన్నది ఇందుకే.

దిగాక చేయడానికి ఇక్కడ పని ఉంది. కాస్త నడిస్తే యేర్ అనే నది ఒడ్డున ఏడంతస్తుల గాలిమర, దాదాపు 21 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు సిమెంటు తయారీకి గట్టి ముద్దలను పిండి చేసింది, తర్వాత బీళ్లలోని నీటిని నదిలోకి తోడింది. పక్కనున్న పబ్బు 2015లో మూతపడింది, దాహానికి నీళ్లు వెంట తీసుకెళ్లాలి. నది కరకట్ట మీదుగా సుమారు 5 మైళ్లు నడిస్తే గ్రేట్ యార్మత్. ఎడమ వైపు పశువులు మేసే బీళ్లు, కుడి వైపు బ్రేడన్ వాటర్ అనే విశాలమైన ఉప్పుటేరు, పోటు తగ్గినప్పుడు దాని బురద మీద వేల పక్షులు. ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పే అవకాశమూ లేదు. ఈ బీళ్లు కూడా వాటంతటవే మిగల్లేదు. 1980లలో నీరు తోడి గోధుమ వేయాలని రైతులు, వద్దని పర్యావరణవాదులు గట్టిగా తలపడ్డారు. 1985లో, దున్నకుండా మేతకే వదిలిన రైతుకు ఎకరానికి 50 పౌండ్ల చొప్పున ఇచ్చే పథకం పెట్టారు. ప్రకృతిని కాపాడినందుకు రైతుకు డబ్బివ్వడమనే పద్ధతి బ్రిటన్‌లో వేళ్లూనుకున్నది ఇక్కడి నుంచే.

ఇంకో రెండు పేర్లు ఎవరైనా అడుగుతారు. వేల్స్‌లోని డవీ జంక్షన్‌కూ రోడ్డు లేదు, కానీ అక్కడ దిగేవారిలో ఎక్కువమంది రెండో ప్లాట్‌ఫారానికి మారి అబెరిస్త్విత్‌కో పుల్లెలీకో పోయేవారే. జంక్షన్‌ను ఒంటరి అనడం బడాయి. ఇంగ్లండ్‌లో ఎత్తైన స్టేషన్ డెంట్, ఆ పేరుగల ఊరికి 4 మైళ్ల దూరం, పైగా ఊరు లోయలో ఉంది. స్టేషన్‌ను ఇంత దూరం ఎందుకు కట్టారని అడిగితే, పట్టాల పక్కన ఉంటే బాగుంటుందని కట్టి ఉంటారు అని స్థానికులు జవాబిస్తారట. చూడదగ్గదే, కానీ రోడ్డుంది కాబట్టి ఈ పోటీలోకి రాదు.

చేతిలో రెండు రాత్రులు, కాస్త డబ్బు, కొండ ఎక్కే కాళ్లు ఉంటే కొరౌర్‌కు వెళ్లండి, వేసవి వారాంతం మాత్రం వద్దు. మే నెల మొదట్లో వెళితే పగలు పొడుగు, మిడ్జ్‌లు ఇంకా రావు. మనిషి అలికిడి అసలే వద్దనుకుంటే ఆల్ట్‌నబ్రెక్, తిరుగు రైలు సమయం కాగితం మీద రాసుకుని. ఒక్క రోజే ఖాళీ ఉన్నవారికి, పిల్లలున్నవారికి, మొదటిసారి ఇలాంటి చోటికి పోతున్నవారికి మాత్రం నా ఓటు బర్నీ ఆర్మ్స్‌కే. లండన్ నుంచి నారిచ్‌కు రెండు గంటలు, అక్కడి నుంచి అరగంట. వారపు రోజుల్లో అక్కడ ఆగే రైళ్లు రెండో మూడో, ఆదివారం కాస్త నయం. ప్లాట్‌ఫారం రైలు మొత్తానికి చాలదు కాబట్టి ఏ తలుపు దగ్గర నిలబడాలో ఎక్కగానే గార్డును అడగండి. యార్మత్ నుంచి నడుచుకుంటూ వచ్చి ఇక్కడ రైలెక్కుదామని మాత్రం అనుకోవద్దు, అది తప్పితే చీకట్లో మళ్లీ ఐదు మైళ్లు వెనక్కి నడవాలి. ఇక్కడ దిగి యార్మత్ వైపు నడిస్తే ఆ బెడద లేదు, యార్మత్ నుంచి నారిచ్‌కు రైళ్లు రోజంతా ఉంటాయి.