ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు: ఒక రాత్రి ఉండి చూడండి

లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేసేవాళ్ళే ఎక్కువ. పాడింగ్టన్‌లోనో మేరిల్‌బోన్‌లోనో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. నన్నడిగితే మాత్రం అలా చేయకండి. భవనాలు పగలు ఎప్పుడైనా చూడొచ్చు. ఆ కాలేజీల్లో వందల ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతులు తెలియాలంటే టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక కూడా అక్కడే ఉండాలి.

మేము వెళ్ళింది జులై మొదట్లో. విద్యార్థులు సెలవులకి వెళ్ళాక చాలా కాలేజీలు వాళ్ళ గదులను యాత్రికులకు అద్దెకిస్తాయి. నేనూ, మా ఆవిడా, నాన్నగారూ అలాంటి గదుల్లోనే దిగాం. ఊరి మధ్యలో హోటల్ కంటే చవక, నడిచి వెళ్ళేంత దూరంలో అన్నీ. గది చిన్నది: ఒక మంచం, చదువుకునే బల్ల, ఖాళీ పుస్తకాల అరలు. లిఫ్టు లేదు, రాతిమెట్లు అరిగిపోయి వంకరగా ఉన్నాయి. నాన్నగారి మోకాళ్ళ సంగతి ముందే రాస్తే కింది అంతస్తు గది ఇచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేటప్పుడే ఆ మాట అడగండి, స్నానాల గది లోపలే ఉందో బయట ఉందో కూడా చూసుకోండి. పొద్దున టిఫిను కాలేజీ భోజనశాలలోనే. పొడవాటి బల్లలు, గోడల నిండా పాత కాలపు పెద్దల చిత్రపటాలు. శాకాహారులకు టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు, బంగాళాదుంప ముక్కలు దొరికాయి. గేటు దగ్గరి పోర్టర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సామాను మోసేవాళ్ళు కాదు, కాలేజీ గేటు కాపలా, వచ్చేపోయేవాళ్ళ సంగతి చూసేవాళ్ళు. ఏ కాలేజీ ఏ పూట తెరుస్తారో, ఎక్కడ పాట వినొచ్చో వాళ్ళకి తెలిసినంత ఏ గైడుకీ తెలియదు.

అందరూ పరిగెత్తేది క్రైస్ట్ చర్చ్‌కి. 1525లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి, మతాధికారి కార్డినల్ వుల్సీ మొదలుపెట్టాడు. ఆయన పదవి పోయాక ఎనిమిదో హెన్రీ తీసుకుని 1546లో మళ్ళీ స్థాపించాడు. టికెట్టు ఖరీదెక్కువ, ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. భోజనశాల అద్భుతమే కానీ జనం ముందుకి నెట్టుకుపోతుంటే పైకప్పు కేసి తలెత్తి చూసే తీరిక ఉండదు. ఆ మెట్ల కింద ఒక తలుపు మీద మేకులతో ‘నో పీల్’ (పీల్ వద్దు) అని కొట్టి ఉంటుంది, అది వెతికి చూడండి. 1829లో కాథలిక్కులకు రాజకీయ హక్కులివ్వడానికి ఒప్పుకున్న అప్పటి హోం మంత్రి రాబర్ట్ పీల్ మీద కోపంతో చేసిన పని అది. పీల్ అదే కాలేజీలో చదివినవాడు. దాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచినందుకు నాకు ఆ కాలేజీ మీద గౌరవం పెరిగింది.

అసలు సంగతేమిటంటే, టికెట్టు లేకుండానే క్రైస్ట్ చర్చ్ లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. కాలేజీ ప్రార్థనామందిరమే ఆ ప్రాంతపు కథీడ్రల్, అంటే బిషప్ గారి ప్రధాన చర్చి కూడా. సాయంత్రం ఆరింటికి అక్కడ ఈవెన్‌సాంగ్, అంటే పాటలతో సాగే సాయంత్రం ప్రార్థన జరుగుతుంది. గేటు దగ్గర ప్రార్థనకి వచ్చామని చెబితే చాలు. మన మతం ఏమిటని ఎవరూ అడగలేదు. గాయకుల గొంతులు ఆ రాతికప్పు కింద కలిసి మోగుతుంటే నాన్నగారు కళ్ళు మూసుకుని అలాగే కూర్చుండిపోయారు. డబ్బిచ్చి చూసిన దానికంటే ఇదే నాకు ఎక్కువనిపించింది.

రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది కాబట్టి తిండి ముగించుకుని మళ్ళీ అదే వీధికి వచ్చాం. తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు క్రైస్ట్ చర్చ్ గేటు మీది టామ్ టవర్‌లోని గ్రేట్ టామ్ గంట మొదలైంది. ఆరు టన్నులకు పైబడిన గంట, వరసగా 101 సార్లు మోగుతుంది. ఒకప్పుడు కాలేజీలో ఉన్న 101 మంది విద్యార్థులకు అది గేట్లు మూసే హెచ్చరిక. ఆ ఐదు నిమిషాల లెక్క ఇంకా బాగుంటుంది. ఆక్స్‌ఫర్డ్ గ్రీనిచ్‌కి పడమర ఉంది కాబట్టి ఆ ఊరి పాత సమయం ఐదు నిమిషాలు వెనక, ఆ లెక్కలో తొమ్మిదయ్యేది అప్పుడే. రైళ్ళు వచ్చి దేశమంతటికీ ఒకే సమయం తెచ్చినా గ్రేట్ టామ్ మాత్రం తన తొమ్మిదిని వదులుకోలేదు. పగటి ప్రయాణికులకు ఇది దక్కదు.

ఇక మాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది ఆల్ సోల్స్. 1438లో ఆరో హెన్రీ రాజు, ఆర్చ్‌బిషప్ చిచెలీ కలిసి పెట్టిన కాలేజీ. ఫ్రాన్స్‌తో యుద్ధాల్లో పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించడం కూడా దాని పనుల్లో ఒకటి. ఇక్కడ డిగ్రీ విద్యార్థులుండరు, ఫెలోలే, అంటే పరిశోధనలు చేసుకునే పండితులే ఉంటారు. కఠినమైన పరీక్ష పెట్టి ఏటా ఒకరిద్దరిని తీసుకుంటారు. ఒకే ఒక్క మాట ఇచ్చి దాని మీద మూడు గంటలు వ్యాసం రాయమనే పేపరు 2010 దాకా ఉండేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 వరకు ఈ కాలేజీ ఫెలో. తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం బోధించే స్పాల్డింగ్ ఆచార్య పీఠానికి తొలి ఆచార్యుడు ఆయనే. దానికి ముందు ఐదేళ్ళు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్. నాన్నగారు చదివింది అక్కడే. “వాల్తేరు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చారన్నమాట!” అని కాలేజీ ముంగిట్లోని పచ్చిక చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచారు. పచ్చిక మీద అడుగు పెట్టకూడదు, చుట్టూ నడవడమే.

ఇక్కడి ఆచారాల్లో పేరున్నది బాతు పాట. పునాదులు తవ్వుతుంటే పెద్ద బాతు ఒకటి ఎగిరిపోయిందని కథ. నూరేళ్ళకోసారి ఫెలోలు దివిటీలు పట్టుకుని, కర్రకి చెక్కబాతు కట్టి, పాడుకుంటూ దాన్ని వెతుకుతారు. 2001లో వెతికారు, మళ్ళీ 2101లోనే. దీనితోపాటు చూడాల్సిన చేదు నిజం ఒకటుంది. ఇక్కడి గ్రంథాలయానికి డబ్బిచ్చిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ ఆస్తి వెస్టిండీస్ చెరకు తోటల బానిసల చెమటతో కూడినది. కాలేజీ 2020లో గ్రంథాలయానికి ఆయన పేరు వాడడం మానేసింది, విగ్రహం మాత్రం లోపలే ఉంది. ఆ బానిసల జ్ఞాపకార్థం గోడకి ఒక ఫలకం పెట్టారు. అందాన్ని చూసి మురిసిపోయే ముందు ఆ ఫలకం చదవాలి. ప్రవేశం ఉచితమే గానీ మధ్యాహ్నం కొద్దిసేపే తెరుస్తారు.

మెర్టన్‌కి టికెట్టు కొద్దిపాటే, జనం తక్కువ. 1264 నాటి కాలేజీ. ఇక్కడి పాత గ్రంథాలయం 1370ల నాటిది. అక్టోబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పే రాత్రి విద్యార్థులు గౌన్లు వేసుకుని పోర్ట్ వైన్ తాగుతూ ఫెలోల క్వాడ్ అనే లోపలి ముంగిలి చుట్టూ వెనక్కి నడుస్తారు. ఇదేదో మధ్యయుగాల నాటి ఆచారం అనుకునేరు, 1971లో మొదలుపెట్టిందే. మాడ్లిన్ కాలేజీలో జింకలున్న తోట, నది ఒడ్డున నీడ దారి ఉన్నాయి. నాన్నగారికి అలసట తీరింది అక్కడే. మే ఒకటిన పొద్దున ఆరింటికి ఆ కాలేజీ గోపురం మీద నుంచి గాయకులు పాడతారు, కింద వంతెన దగ్గర ఊరంతా చేరుతుంది. అది వినాలంటే కాలేజీ గదులు కష్టం, అప్పుడు విద్యార్థులు ఉంటారు కాబట్టి. హోటలో, హోమ్‌స్టేనో ముందే చూసుకోవాలి.

ఒక్క టికెట్టుకే డబ్బుంటే మెర్టన్‌కి ఇవ్వండి. క్రైస్ట్ చర్చ్‌కి సాయంత్రం ప్రార్థనకి వెళ్ళండి, ఆల్ సోల్స్‌కి మధ్యాహ్నం. ఇంకో టికెట్టు కొనగలిగితే మాడ్లిన్‌కి ఎండ తగ్గాక. తిండికి 1774 నాటి కవర్డ్ మార్కెట్ బాగుంటుంది, అన్నం కావాలంటే కౌలీ రోడ్డు వైపు వెళ్ళాలి.