కొత్త టేబుల్ చుట్టూ పాత థోనెట్ కుర్చీలు

పాత ఫర్నిచర్‌ని కొత్త ఇంట్లో ఎలా కలపాలి, దేనితో మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు థోనెట్ 14 కుర్చీ చూడండి. పేరు తెలియకపోయినా ఫొటో చూస్తే ఇట్టే గుర్తుపడతారు. గుండ్రటి సీటు, అందులో పేము అల్లిక, వీపు వైపు ఒకదాని లోపల ఒకటి ఇమిడిన రెండు కర్ర వంపులు. మా ఇంట్లో అలాంటివి నాలుగున్నాయి, అన్నీ సెకండ్ హ్యాండ్‌వే. మధ్యలో ఉన్న టేబుల్ మాత్రం పూర్తిగా ఈ కాలపుది. తెల్లటి గుండ్రటి పలక, కింద ఒకే కాలు. తినడం, ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకోవడం, వచ్చినవాళ్లతో కబుర్లు, అన్నీ అక్కడే. అలా రోజూ వాడుతూ తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఈ కుర్చీ 1859లో వచ్చింది. తెచ్చినవాడు మైకేల్ థోనెట్, జర్మనీలో పుట్టి వియన్నాలో స్థిరపడ్డ ఫర్నిచర్ పనివాడు. దానికి మూడేళ్ల ముందే, 1856లో, గట్టి కర్రను వంచే పద్ధతికి ఆయన పేటెంట్ తీసుకున్నాడు. బీచ్ అనే చెట్టు కర్రను ఆవిరిలో మెత్తబరిచి, ఇనప అచ్చులో బిగించి, అలాగే ఆరనిస్తారు. వినడానికి తేలికగానే ఉంటుంది. అసలు చిక్కు వంపు బయటి అంచు దగ్గర. ఆవిరి పట్టిన కర్రను నొక్కితే బాగా కుదించుకుంటుంది గానీ, సాగదీస్తే పెద్దగా సాగదు, చిట్లిపోతుంది. అందుకని బయటి వైపు లోహపు పట్టీ ఒకటి వేసి, రెండు చివర్లూ కదలకుండా పట్టి వంచారు. అప్పుడు బయటి అంచు సాగక్కర్లేదు, లోపలి వైపే కుదించుకుని వంపు తిరుగుతుంది.

ఆ పద్ధతి వల్ల కుర్చీ మొత్తం ఆరు ముక్కలకు వచ్చేసింది. బిగించడానికి పది స్క్రూలు, రెండు నట్లు. విప్పేసిన 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. ఎక్కడికి పంపాలంటే అక్కడికి పంపి, అక్కడే బిగించుకునేవారు. 1930 నాటికి అయిదు కోట్ల దాకా అమ్ముడయ్యాయని చెబుతారు. ఇప్పుడు మనం డబ్బాలో తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ ఉంది చూడండి, దాని వెనకున్న ఆలోచన ఇదే. వయసులో ఇది పాత కుర్చీ, ఆలోచనలో మాత్రం కొత్త టేబుల్‌కి దగ్గరి బంధువు. అందుకే రెండూ పక్కపక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉండదు. నిండా చెక్కుడు పని ఉన్న బరువైన పాత బీరువాకి ఈ వెసులుబాటు లేదు. అది గదిలోకి వస్తే మిగతా సామానంతా దానికి తగ్గట్టు మారాల్సిందే.

ఈ కుర్చీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వీపు భాగం. వెనక కాళ్లూ, పైన వీపు ఆనే వంపూ వేర్వేరు ముక్కలు కావు. నేల దగ్గర ఎడమ కాలిగా మొదలైన కర్ర సీటు దాటి పైకి లేచి, గుండ్రంగా తిరిగి, మళ్లీ కుడి కాలిగా నేల మీదికి దిగుతుంది. వేలితో దాని వెంట రాసుకుంటూ వెళ్తే ఎక్కడా అతుకు తగలదు. మా వాటిలో ఒకదానికి పైవంపు దగ్గర, కుర్చీ లాగడానికి సరిగ్గా చెయ్యి వేసే చోట, పాలిష్ పూర్తిగా అరిగిపోయి లోపలి కర్ర తేనె రంగులో నున్నగా తేలింది. మిగతా అంతా ముదురు గోధుమ రంగే. ఎన్ని చేతులు పట్టుకుంటే అలా అవుతుందో! చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురు దానికి మళ్లీ పాలిష్ వేయించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ అరుగుదలకి జానెడు దూరంలో టేబుల్ తెల్లటి అంచు ఉంటుంది, ఒక్క గీత కూడా లేకుండా. ఆ రెండూ ఒకే చూపులో కనబడాలనే కదా పాతదీ కొత్తదీ కలుపుకునేది.

టేబుల్‌కి ఒకే కాలు ఉండటం కూడా బాగా కలిసొచ్చింది. నాలుగు కుర్చీలంటే పదహారు కాళ్లు. టేబుల్‌కి ఇంకో నాలుగు కాళ్లుంటే కిందంతా కాళ్లే కనబడతాయి, కళ్లకి అలసటగా ఉంటుంది. డిజైనర్ ఈరో సారినెన్ 1950ల్లో నోల్ అనే ఫర్నిచర్ కంపెనీకి ఒంటి కాలి టేబుళ్లు, కుర్చీలు డిజైన్ చేసింది ఈ గందరగోళం తీసేయాలనే. మా టేబుల్ ఆ ఒరిజినల్ కాదు, ఆ తరహాది. టేబుల్ ఒకే ముద్దగా, కుర్చీలు సన్నగా, గాలి ఆడుతున్నట్టు ఉంటాయి. రంగు వేరు, మెటీరియల్ వేరు, వయసు వేరు. కలిసేది ఒక్క గుండ్రదనమే. పలకా గుండ్రం, సీటూ గుండ్రం, వీపూ గుండ్రం. పాతదాన్నీ కొత్తదాన్నీ జత చేసేటప్పుడు నేను చూసుకునేది ఇదే. ఏదో ఒక్క విషయంలో గట్టిగా కలవాలి, మిగతావాటిలో ధైర్యంగా విడిపోవచ్చు. రెండూ ముదురు కర్రే, కానీ ఆకారాలకి పొంతన లేదనుకోండి, అప్పుడు చూసేవాళ్లకి సెట్టులో సగం పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది.

ఎత్తులు మాత్రం తప్పకుండా కొలవాలి. సీటు నేల నుంచి దాదాపు 46 సెంటీమీటర్లు, మా టేబుల్ 74. మధ్యలో 28 సెంటీమీటర్ల తేడా ఉంది, మోచేతులకి హాయిగా సరిపోతుంది. 25కి తగ్గితే తొడలు టేబుల్‌కి తగులుతాయి, 30 బాగా దాటితే భుజాలు పైకి లాగినట్టు ఉంటుంది. పాత కుర్చీల్లో కాళ్లు అరిగినవి, ఎవరో కొంచెం కోసేసినవి కనబడుతూనే ఉంటాయి. చూడటానికి వెళ్లినప్పుడు టేపు జేబులో ఉండాలి.

ఈ జోడీ నా కొత్త ఐడియా ఏమీ కాదు. 1925లో పారిస్ ఎగ్జిబిషన్‌కి ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన ఎస్ప్రీ నువో పెవిలియన్‌లో, అంటే అప్పటికి అతి కొత్తగా అనిపించే ఇంట్లో, ఆయన ఎంచుకుని పెట్టిన కుర్చీల్లో థోనెట్ వాళ్ల వంపు కర్రవీ ఉన్నాయి. అలంకారాలన్నీ తీసిపారేయాలన్న మనిషికి కూడా ఇవి అడ్డుగా అనిపించలేదు. తర్వాత అదే థోనెట్ కంపెనీ డిజైనర్ మార్సెల్ బ్రాయర్ గీసిన స్టీలు గొట్టాల కుర్చీలు తయారుచేసింది. వాటిలో ఒక రకానికి స్టీలు గొట్టం, దాని మీద బీచ్ కర్ర చట్రం, అందులో పేము అల్లిక. పాతా కొత్తా కలపడమంటే ఏమిటో ఆ ఒక్క కుర్చీ చూస్తే అర్థమైపోతుంది. పేము కుర్చీలున్న ఇంట్లో రాసుకునే బల్ల దగ్గర అలాంటి స్టీలు కుర్చీ ఒకటి వేస్తే రెండు గదులూ ఒక ఇంటివే అనిపిస్తాయి.

ఇక ఇబ్బందులు. మొదటిది, ఇది బద్ధకంగా చేరగిలబడే కుర్చీ కాదు. భోజనానికి, అరగంట కబుర్లకి చాలా బాగుంటుంది. గంట దాటితే లోపలి వంపు వీపుకి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ పనికైతే నేను వీపు వెనక పల్చటి దిండు పెట్టుకుంటాను. చేతులు ఆనించుకునే ఆసరా కూడా లేదు, కాబట్టి లేవడానికి చేతుల బలం కావాల్సిన పెద్దవాళ్లకి ఇది తగదు. రెండోది, స్క్రూలు వదులవుతాయి. గాలిలో తేమ మారేకొద్దీ కర్ర ఉబ్బుతుంది, తగ్గుతుంది. కూర్చున్నప్పుడు కిర్రుమంటే స్క్రూడ్రైవర్ తీయాల్సిందే. అలాగని బలం కొద్దీ తిప్పకూడదు, లోపల కర్రలో పట్టు పోతుంది. ఆనేదాకా తిప్పి ఆపేస్తే చాలు. కుర్చీని వెనక్కి వాల్చి రెండు కాళ్ల మీద ఊగే అలవాటున్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ముందే చెప్పేయండి. భారమంతా సీటూ వెనక కాళ్లూ కలిసే చోట పడుతుంది.

అసలు ఓపిక కావాల్సింది పేముతో. బాగా ఎండిపోతే అది పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. కొంచెం కుంగిన సీటుని నేను ఇలా బాగుచేస్తాను: కుర్చీని బోర్లించి, అడుగు వైపు నుంచి తడిగుడ్డతో అద్ది, ఆ తడిని కాసేపు పట్టనిచ్చి, నీడలో పూర్తిగా ఆరనిస్తాను. పై వైపు నున్నటి తొక్క ఉంటుంది, నీళ్లు పట్టదు, అందుకే అడుగు నుంచి. ఆరేటప్పుడు అల్లిక మళ్లీ బిగుసుకుంటుంది. తెగిన సీటుకి ఈ చిట్కా పనికిరాదు, మళ్లీ అల్లించాలి. కొనేముందు సీటు అంచు కింద చూడండి. చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుంటే అది చేత్తో అల్లినది. మామూలు తేనెపట్టు గళ్ల నమూనాకే ఏడు దశలుంటాయి, కాబట్టి కూలీ ఎక్కువే అవుతుంది. రంధ్రాల బదులు సన్నటి గాడి ఉండి, అందులో పుల్ల నొక్కి ఉంటే అది మెషీన్ మీద నేసిన పేము షీటు. దాన్ని మార్చడం చాలా తేలిక.

కొనేటప్పుడు ఇంకో విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. మా నాలుగింటిలో ఒకటి మిగతావాటికన్నా తళతళలాడుతూ వచ్చింది. అమ్మినవాళ్లు దాని మీద దట్టంగా కొత్త వార్నిష్ కొట్టేశారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లకి కాలి కింద సన్నటి పిండి రాలడం మొదలైంది. వార్నిష్ కింద పుచ్చు రంధ్రాలు పూడ్చేశారన్నమాట. బీచ్ కర్రకి పురుగు తొందరగా పడుతుంది, ఆ సంగతి అమ్మేవాళ్లకి బాగా తెలుసు. దాన్ని విడిగా పెట్టి మందు వేయించాకే మళ్లీ టేబుల్ దగ్గరికి చేర్చాను. నాకు కోపం వచ్చింది పురుగు గురించి కాదు, దాచినందుకు. పాత రంధ్రాలున్నా ఫరవాలేదు, కొత్త పిండి రాలుతోందా అన్నది చూడాలి. నల్లటి కాగితం మీద కుర్చీని నిలబెట్టి కాళ్లు తట్టితే తెలిసిపోతుంది.

పాత పాలిష్ లక్కతో వేసిందా, ఈ మధ్య వేసిన వార్నిషా అన్నది కూడా పట్టుకోవచ్చు. కనబడని చోట ఒక చుక్క స్పిరిట్ వేస్తే లక్క జిగటగా కరుగుతుంది. లక్క పాలిష్ మీద వేడి కప్పు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి. రంగు వేసిన పాత కుర్చీ దొరికితే పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. అమెరికాలో ఇళ్లలో వాడే సీసం రంగుల్ని నిషేధించిందే 1978లో. అంతకన్నా పాత రంగు పొడి పిల్లలున్న ఇంట్లో గాల్లో కలవకూడదు.

సీటు చట్రం లోపలి వైపు ముద్రగానీ, కాగితం లేబుల్‌గానీ ఉండొచ్చు. థోనెట్ అని లేకపోయినంత మాత్రాన అది నకిలీ అనుకోనక్కర్లేదు. 1869లో పేటెంట్ గడువు అయిపోయాక జేకబ్ అండ్ జోసెఫ్ కోన్ లాంటి కంపెనీలు కూడా ఇలాంటివి చేశాయి, నాణ్యంగానే చేశాయి. మా వాటిలో రెండింటికి ఏ ముద్రా లేదు. కూర్చుంటే తేడా ఏమీ తెలియదు.

గదిలో మిగతావన్నీ నేను కావాలనే నెమ్మదిగా ఉంచాను. గోడ తెల్లది, పుస్తకాల అర సాదాది, పైన దీపం కొత్తదే. బల్బు మాత్రం పసుపు ఛాయ వెలుతురిచ్చే 2700 కెల్విన్‌ది. అంతకుముందున్న తెల్లటి 4000 కెల్విన్ వెలుతురులో టేబుల్ బాగానే ఉండేది, కుర్చీలు మాత్రం బూడిద రంగుకి తిరిగి చచ్చుబడినట్టు కనిపించేవి. పాత కర్రలోని ఎరుపు, పసుపు ఛాయలు కాస్త వెచ్చటి వెలుతురులోనే బయటికొస్తాయి. కొత్త వస్తువుని గీకి, గీతలు పెట్టి పాతదానిలా తయారుచేసి అమ్ముతుంటారు చూడండి, అలాంటివి ఈ గదిలోకి రానివ్వను. నిజంగా అరిగిన కుర్చీ పక్కన అవి పెట్టగానే తేలిపోతాయి.

పాతది కొనాలా, కొత్తదా అంటే, దగ్గర్లో పేము అల్లేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. థోనెట్ కంపెనీ ఇప్పటికీ దీన్ని 214 నంబరుతో అమ్ముతోంది. చెక్ దేశంలో ఒకప్పటి థోనెట్ ఫ్యాక్టరీని నడుపుతున్న టాన్ కంపెనీ కూడా 14 పేరుతోనే చేస్తోంది. అల్లేవాళ్లు దొరకని చోట ఉంటే కొత్తదే తీసుకోండి, అది కూడా ప్లైవుడ్ సీటుతో. మీ టేబుల్ పాత కర్రది అయితే కూడా కొత్త కుర్చీకే నా ఓటు, అందులోనూ నల్ల రంగుది. కొత్త తెల్ల టేబుల్ ఉండి, స్క్రూడ్రైవర్ పట్టుకునే ఓపిక కూడా ఉంటే పాతవే వెతకండి. నాలుగూ ఒకే రంగులో దొరికేదాకా ఆగక్కర్లేదు, మావి ఏ రెండూ ఒక ఛాయలో లేవు.