వేపకర్ర టేబుల్ ల్యాంప్: ఆరేళ్లు వాడిన తర్వాత

మా ఇంటికి కొత్తగా ఎవరు వచ్చినా ఈ దీపం ముందు ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగే మాట ఒకటే: "ఎర్రచందనమా?" ఉన్నది కడపలో. పాలకొండలు కనిపించే ఊళ్లో ఎర్రటి కర్ర ఏది కంటబడినా జనానికి ముందు వచ్చే అనుమానం అదే. కాదు, వేప. కట్టెల అడితిలో పొయ్యిలోకి పోవలసిన మొద్దు. చేవ దేరిన, అంటే లోపల ముదిరి గట్టిపడిన వేపకర్రలో ఎరుపు ఎలాగూ ఉంటుంది. ఆరేళ్లుగా చేతులు తగిలి, గుడ్డతో తుడిచి తుడిచి ఆ ఎరుపు ఇంకా ముదిరింది.

2019 మార్చిలో దీన్ని నేనే లేత్ మీద, అంటే కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం మీద తిప్పాను. సొంత లేత్ లేదు. మంచం కోళ్లు, ఊయల కమ్మీలు తిప్పే ఒక మేస్త్రి దగ్గర ఆదివారాలు గంటల లెక్కన అద్దె కట్టి నిలబడేవాడిని. చేసినవాడికి తన వస్తువులోని వంకరలు కనబడవు. అందుకని చేసినవాడిగా కాక, దీని కింద రోజూ రాత్రి రెండు గంటలు చదువుకునేవాడిగా రాస్తున్నాను.

దీనికి వచ్చిన తిప్పలన్నిటికీ మూలం కర్రే. మొద్దును చూడగానే మేస్త్రి గోటితో గీరి, వాసన చూసి, "పచ్చిది సార్, ఒక ఏడాది నీడన పడేయండి" అన్నాడు. నాకు అంత ఓపిక ఎక్కడిది? పచ్చికర్ర మీద ఉలి సొరకాయలో దిగినట్టు దిగుతుంది. పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకుంటూ భుజాల మీదికి ఎగిరి పడుతుంటే ఆ సంతోషంలో మేస్త్రి మాట గుర్తు రాలేదు. పెదవులు తడుపుకున్నప్పుడల్లా చేదు, ఇంటికి వచ్చాక తుమ్ములు. మాస్కు కట్టుకోవాలని రెండో ఆదివారానికి గానీ తెలియలేదు.

మే నెలలో, ఎండలు నలభై డిగ్రీలు దాటిన వారంలో, ఒక రాత్రి ఠప్పుమని చప్పుడైంది. లేచి చూస్తే పాదం నుంచి మెడ దాకా నిలువునా పగులు, అగ్గిపుల్ల దూరేంత.

కారణం తర్వాత తెలుసుకున్నాను. కర్రలోని నీరు పక్కల నుంచి కంటే కోసిన చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. పైగా ఆరేటప్పుడు కర్ర అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి కుంచించుకునేది, నడుమ నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. నేనేమో కాండం నట్టనడిమి భాగాన్ని దీపానికి సరిగ్గా మధ్యలో పెట్టి తిప్పాను. చుట్టూ ఉన్న కర్ర బిగుసుకుంటూ ఉంటే ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. మొద్దును నిలువునా నాలుగుగా చీల్చి, నడిమి భాగం లేని ముక్క తీసుకుని, ఆరబెట్టి తిప్పి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. పగుల్లో వేపపొట్టు, జిగురు కలిపి కూరాను. వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు ఆ పూత బయటికి పొడుచుకొస్తుంది, వేసవిలో లోపలికి పోతుంది. మా అమ్మాయి దాన్ని వేలితో తడిమి ఏ కాలమో చెబుతుంది.

వేపకు పురుగు పట్టదని అంటారు. నా దీపం వరకు ఆ మాట చేవకే చెల్లింది. అందంగా ఉంటుందని ఒక పక్క బెరడు కింది తెల్లటి పొరను వదిలాను. మూడో ఏడు అక్కడి నుంచి మెత్తటి పిండి రాలింది. సిరంజితో మందు ఎక్కిస్తే ఆగింది.

ఇక పాదం. దీపం ఎత్తు 42 సెంటీమీటర్లు, పాదం వెడల్పు 13. లేత్ మీద ఉన్నప్పుడు నాజూగ్గా, నాట్యగత్తె నడుములా కనిపించింది. పైన షేడ్ పెట్టాక పిల్లి తోక తగిలినా ఊగేది. రెండుసార్లు పడింది. దానికి మందు మన జిల్లాలోనే దొరికింది: వంటగట్టుకు వేసే నల్లటి కడప బండ. 20 సెంటీమీటర్ల అడ్డకొలతతో, 2 సెంటీమీటర్ల మందంతో గుండ్రంగా కోయిస్తే ఆ బిళ్ల దాదాపు 1,700 గ్రాములు తూగింది. రాయి ఉబ్బదు, కర్ర ఉబ్బుతుంది. కాబట్టి రెంటినీ జిగురుతో అంటించకుండా, నడుమ మరలున్న బోలు గొట్టం దింపి, కింద నట్టుతో బిగించాను. వైరు ఆ గొట్టంలోంచే పోతుంది. బండ కింద నాలుగు రబ్బరు బుడిపెలు పెట్టాను, వాటి సందులోంచి వైరు పక్కకు వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. ఈ దీపం మొత్తంలో నాకు పూర్తిగా నచ్చిన భాగం ఈ బండే, అది నేను చేసింది కాకపోయినా.

వైరు కోసం వేసిన రంధ్రం గురించి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చేతి డ్రిల్లుతో, 8 మిల్లీమీటర్ల లావున్న పొడవాటి బిట్టుతో రెండు చివర్ల నుంచీ తొలిచాను. నడుమ రెండు రంధ్రాలూ కలిశాయి గానీ ఎదురెదురుగా కాదు, పక్కపక్కగా. లోపల మెట్టులాంటి అంచు మిగిలింది. దానికి రాసుకుని రాసుకుని రెండో ఏడు వైరు తొడుగు అరిగింది, దీపం మిణుకుమిణుకుమంది. వోల్టేజి తేడా అనుకుని నెల రోజులు పట్టించుకోలేదు. అది ప్రమాదం. వైరు మార్చి, మీద ఇంకో గొట్టపు తొడుగు వేశాను. బిట్టును లేత్ వెనుక తలలో కదలకుండా బిగించి కర్రను తిప్పితే రంధ్రం వంకర పోవడం తక్కువ. మేస్త్రి ఆ పద్ధతే చూపబోయాడు, నేనే తొందరపడ్డాను.

షేడ్ ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్నాను. తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు పలచగా, వెలుతురు దూరేలా ఉంటుంది. దీపం వేస్తే చిల్లుల గుండా గోడ నిండా చుక్కలు పరుచుకుంటాయి. మొదట్లో 60 వాట్ల పాత బల్బు పెట్టాను. ఆ వేడికి తోలు అంచు ముడుచుకుంది. 9 వాట్ల ఎల్ఈడీకి మారాక అలాగే నిలిచింది. నిజం చెప్పాలంటే చదువుకోవడానికి ఈ షేడ్ పనికిరాదు. రంగులు వెలుతురును సగం మింగేస్తాయి. సన్నటి అక్షరాలకు నేను షేడ్ కొంచెం పైకెత్తి పెట్టుకుంటాను.

మెరుపు కోసం స్పిరిట్‌లో కరిగించిన లక్కను, కర్ర తిరుగుతుండగానే గుడ్డతో పట్టించాను. మొదటి ఏడాది అద్దంలా ఉంది. చల్లటి నీళ్ల గ్లాసు పెట్టిన చోట పాదం మీద తెల్లటి వలయం పడింది, ఇంకా పోలేదు. ఏటికొప్పాక బొమ్మలకు లక్కకడ్డీనే తిరిగే కర్రకు ఒత్తి, ఆ రాపిడి వేడికి కరిగించి, మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఆ పూత మందంగా పడుతుంది. నాది పైపై పూత.

రెండో దీపానికి చింత మొద్దు తెచ్చి చీల్చి, చివర్లకు మైనం పూసి, మెట్ల కింద నీడన పెట్టి పద్నాలుగు నెలలైంది. ప్రతి నెలా ఒకటో తేదీన వంటింటి తక్కెడ మీద తూచి, బరువును సుద్దతో దాని మీదే రాస్తున్నాను. చివరి మూడు నెలల బరువూ ఒకటే, అంటే ఆరినట్టే. మేస్త్రికి ఫోన్ చేశాను, వచ్చే ఆదివారం ఖాళీ అన్నాడు.