మూడు కాళ్ల బుజ్జి, చెవులు వినపడని రాజు, ఒక క్లిక్కర్: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఇంటికొచ్చినవాళ్లు మా కుక్క బుజ్జిని చూడగానే చెయ్యి చాపి "షేక్ హ్యాండ్" అంటారు. దానికున్నది ఒకటే ముందు కాలు. వీధిలో పిల్లగా ఉన్నప్పుడు ఆటో కింద పడితే ఎడమ కాలు భుజం దాకా తీసేశారు. ఉన్న ఒక్కటీ ఎత్తిందంటే మూతి నేలకు కొట్టుకుంటుంది. అందుకని దానికి "టచ్" నేర్పాను. చెయ్యి చాపితే చాలు, చల్లటి తడి ముక్కు తెచ్చి అరచేతికి ఆనిస్తుంది. వచ్చినవాళ్లు రెండోసారి కూడా చాపుతారు.

ఇదంతా మొదలైంది మూడేళ్ల కిందట కొన్న క్లిక్కర్‌తో. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బా, నొక్కితే టిక్కుమంటుంది. "సర్కస్ పెడతావా ఏంటి?" అన్నారు మా ఆయన. మొదటి రెండు రోజులు ఏమీ అడక్కుండా నొక్కడం, వెంటనే ముక్క పెట్టడం. ఆ చప్పుడంటే తిండి అని బుర్రకెక్కాక, మనకు కావలసిన పని చేసిన క్షణంలోనే నొక్కాలి. చిక్కంతా అక్కడే. నేను ఎప్పుడూ అర సెకను ఆలస్యం. దాంతో బుజ్జి "సిట్" అంటే కూర్చుని, టక్కున లేవడం నేర్చుకుంది. తప్పు నాదేనని తెలియడానికి పది రోజులు పట్టింది.

క్లిక్కర్‌కి రెండు మార్కులు తగ్గిస్తాను. చప్పుడు మరీ ఎక్కువ, మొదటిరోజు బుజ్జి మంచం కిందకి దూరింది. సాక్సులో చుట్టి నొక్కాల్సి వచ్చింది. రెండో వానాకాలానికి లోపలి రేకు తుప్పు పట్టి పనిచేయడం మానేసింది. ఇప్పుడు నొక్కే బాల్ పెన్ను వాడుతున్నాను, హాయిగా ఉంది.

రాజుకైతే ఏ పెన్నూ పనికిరాదు. వాడు పదకొండేళ్ల ల్యాబ్రడార్, చెవులు పూర్తిగా పోయాయి. టిక్కుమనడం బదులు బొటనవేలు పైకెత్తి చూపిస్తాను, ఆ వెంటనే ముక్క. పిలవాలంటే నేల మీద తడతాను, రాత్రిళ్లు బాల్కనీ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాను. వయసైన కుక్కకి కొత్తవి రావంటారు గానీ, వాడు "గుండ్రంగా తిరుగు" వేలి సైగ నాలుగు రోజుల్లో పట్టేశాడు. వినపడడం తగ్గాక పొద్దస్తమానం మూలన పడుకునేవాడు. ఇప్పుడు సాయంత్రం ఆరయ్యేసరికి వచ్చి నా మోకాలి మీద తల పెడతాడు. పాఠం ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలే, అంతకు మించితే ఆవులింతలు.

ఒక విషయంలో బాగా దెబ్బతిన్నాను. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెనే కదా అని ధారాళంగా పెట్టాను. ఆరు నెలల్లో బుజ్జి రెండు కిలోలు పెరిగింది. కుక్క బరువులో సగానికి పైగా ముందు కాళ్ల మీదే ఉంటుంది, దీనికేమో ఒక్కటే కాలు. డాక్టరు గారు గట్టిగానే కోప్పడ్డారు. ఇప్పుడు ముక్క శనగ గింజంత, అదీ రాత్రి అన్నంలోంచి తగ్గించి. గెంతే ట్రిక్కులు దానికసలు లేవు. నున్నటి టైల్స్ మీద జారకుండా గోనెపట్టా పరిచే చేయిస్తాను.

అన్నిటికంటే విలువైంది చూడ్డానికి ట్రిక్కులాగే ఉండదు. దాని పేరు "గడ్డం". నా ఒడిలో మడిచిన తువ్వాలు మీద బుజ్జి గడ్డం ఆనించి ఉంచుతుంది. ఎత్తిందంటే మేం ఆపేస్తాం, అదే ఒప్పందం. నేర్పడానికి రెండు నెలలు పట్టింది. ఇంతకుముందు రక్తం తీయాలంటే మూతికి పట్టీ కట్టి, ముగ్గురు పట్టుకునేవాళ్లు, అది భయంతో ఉచ్చ పోసేసేది. మొన్న డిసెంబర్లో కాంపౌండర్ పట్టీ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. బుజ్జి తువ్వాలు మీద గడ్డం పెట్టింది. వెనక కాలికి సూది గుచ్చగానే ఒకసారి తల ఎత్తింది. అందరం ఆగాం. నా మొహం చూసి, మళ్లీ తనే పెట్టింది.

చిన్న ఇబ్బంది ఒకటి మిగిలింది. రాజుని చూసి బుజ్జి కూడా బొటనవేలు నేర్చేసుకుంది. వీడియో కాల్‌లో అక్కకి "ఓకే" అని వేలెత్తానంటే రెండూ వచ్చి చికెన్ కోసం నిలబడతాయి.